ఫ్యాను ఆపి, తలుపేసుకున్న అరగంట

ఇంట్లో కూర్చుని డయాలసిస్ చేసుకోవచ్చు అన్న మాటను ఈ జిల్లాలో మొదట పలికిన నోరు నాది. ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, ముఖ్యంగా నన్ను అడిగితే. ఆసుపత్రిలో యంత్రం పక్కన పడుకునే అవసరం లేకుండా, సంచి నీళ్లు కడుపులోకి పట్టుకుని, సొంత మంచం మీద కూర్చుని బతికే విద్యను ఊరూరా తిరిగి నేర్పినవాణ్ని. నేను నేర్పిన ఇళ్లలో ఒక్క కడుపుకూ చీము పట్టలేదు. నేను ముందు గడప తొక్కితే క్రిములు పెరటి దారిన పారిపోయేవి.

ఈ ముక్క అలా ఉండనివ్వండి. దాని సంగతి ముందుముందు మీకే తెలుస్తుంది.

డయాలసిస్ టెక్నీషియన్ కోర్సులో చేరిన పిల్లలు కొందరు వచ్చి, "సార్, మీ అనుభవాలు రాసివ్వండి" అన్నారు. ఏ సంవత్సరం ఏ ఉద్యోగంలో చేరాను, ఎప్పుడు సీనియర్‌నయ్యాను అన్నవి మీకు పనికిరావు. నాకే పనికిరాలేదు. రెండు ఇళ్ల కథ చెబుతాను. మన బళ్లారి తెలుగువాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదువు కన్నడంలో అయింది కాబట్టి అక్షరాలు రావు. అలాంటివాళ్లకు ఎవరైనా చదివి వినిపించండి. నేనూ ఒకరికి చదివి వినిపించాను. ఆ ముచ్చట చివర్న.

పని ఏమిటంటే

కిడ్నీలు రెండూ మొరాయించినప్పుడు ఒంట్లో చెడ్డ నీరు, మురికి నిలిచిపోతాయి. వాటిని తీయడానికి రెండు దారులు. ఒకటి అందరికీ తెలిసిన యంత్రం. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి వచ్చి, నాలుగేసి గంటలు పడుకుంటే అది రక్తాన్ని కడిగి పంపుతుంది. రెండోది ఇంటి దారి. పొట్టకు ఒక సన్నని గొట్టం అమరుస్తారు. సంచిలోని మందు నీళ్లను దాని గుండా కడుపులోకి వదిలి, కొన్ని గంటలు ఉంచితే మురికి ఆ నీళ్లలోకి దిగుతుంది. అప్పుడు పాత నీళ్లు బయటికి తీసి కొత్త సంచి ఎక్కించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు, అమావాస్యకూ సెలవు లేకుండా.

ఒక్కోసారికి అరగంట. గొట్టం కొన తెరిచి కొత్త సంచికి తగిలించే ఆ కొద్ది క్షణాల్లోనే ప్రాణమంతా ఉంది. తలుపు వేయాలి, ఫ్యాను ఆపాలి, మూతికి మాస్కు కట్టాలి, చేతులు మోచేతుల దాకా రుద్ది కడగాలి. గాలిలో దుమ్ము ఆ కొన మీద వాలిందా, నేరుగా కడుపులోకే పోతుంది. పోయిందో లేదో బయటికి వచ్చిన నీళ్లే చెబుతాయి. సంచి వెనక పేపరు పెడితే అక్షరాలు కనబడాలి. తేటగా ఉంటే సరే. బియ్యం కడిగిన నీళ్లలా మబ్బుగా ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇది మీ కోర్సులోనే ఉంది. లేనిది ఒకటుంది. ఆ సంచిని చూసినప్పుడు మనిషి లోపల ఏమనుకుంటున్నాడు అన్నది. దాన్ని కనిపెట్టడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. సంచిని ఏ పేరుతో పిలుస్తారో వినేవాణ్ని. "నా నీళ్లు" అన్నవాళ్లు బాగుండేవారు. "ఈ పీడ" అన్నవాళ్ల కాళ్లు వాచేవి. దీని మీద నేనొక సిద్ధాంతమే కట్టాను: మనసు తేటగా ఉంటే నీళ్లు తేటగా వస్తాయి. చెబితే డాక్టరమ్మ నవ్వేది కాదు.

డాక్టరమ్మ అంటే మా కిడ్నీ విభాగం పెద్ద. ధార్వాడ వైపు మనిషి, తెలుగు ఈ ఊళ్లోనే నేర్చింది. ఒక్క మాటలో పోయేదానికి రెండో మాట వాడేది కాదు. అసలు ఇంటి డయాలసిస్ అన్న మాటను ఈ జిల్లాలో మొదట పలికిన నోరు ఆమెదే. ఆమె కన్నడంలో అంది, నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. తెలుగులో మొదటి నోరు నాదే కదా.

ఓబుళరెడ్డిగారి చల్లని గది

యశ్వంతనగర్‌లో ఓబుళరెడ్డిగారికి ఇనప రాయి తోలే లారీలుండేవి. ఆ దుమ్ముకు ఊళ్లో వేపాకు కూడా ఎర్రగానే ఉంటుంది. ఇంటి డయాలసిస్‌కు పనికిరాని ఊరని నేననుకుంటే, ఆయన ఒక్క నెలలో గది కట్టించాడు. తెల్ల టైల్సు, రెండు తలుపులు, ఏసీ, చేతులు కడగడానికి మోచేత్తో తిప్పే కుళాయి. మా ఆసుపత్రిలో కూడా అంత గది లేదు. ఫోటోలు తీసి డాక్టరమ్మకు చూపించాను.

"గది బాగుంది. మనిషి?" అంది.

మనిషి అంత పొడుగు, అంత మీసం. నేర్పిందంతా రెండు రోజుల్లో నేర్చాడు. మూడు నెలలకు మొహం ఉబ్బింది, ఆయాసం వచ్చింది. నీళ్లు మాత్రం తేటగానే వస్తున్నాయి. పుస్తకంలో రోజుకు నాలుగు సంచులు ఎక్కించినట్టు చక్కగా రాసి ఉంది. నేను ఆ పుస్తకాన్ని చూసి మెచ్చుకుని, పెరుగన్నం తిని వచ్చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు చేతులు కడగబోయి, పక్కనున్న సామాన్ల గది తలుపు తోశాను. వాడని సంచుల పెట్టెలు నా భుజం దాకా ఉన్నాయి.

"ఏందప్పా రెడ్డీ ఇది?"

ఆయన తలుపు మూసి నా చెయ్యి పట్టుకున్నాడు. "పగలంతా నా కాడికి జనం వస్తాంటారు ఎర్రిసామప్పా. డ్రైవర్లు, మేస్త్రీలు, బంధువులు. లోపలికి పోయి తలుపేసుకొంటే, రెడ్డి యాడికి పోయినాడంటారు. ఏం చెప్పల్ల? కడుపులో నీళ్లు మారుస్తాండా అని చెప్పల్లా?"

పగటి సంచులు రెండూ మానేసి రాత్రివి మాత్రం ఎక్కించుకుంటున్నాడన్నమాట. ఈయనకు ధైర్యం నూరిపోస్తే చాలని నేను గంట సేపు ఉపన్యాసమిచ్చాను. డాక్టరమ్మ ఆయన్ని పిలిపించి రెండు ప్రశ్నలు అడిగి, యంత్రానికి మార్చింది. నాకు అవమానమైంది. అంత గది పోయిందే అని బాధ.

రెండు నెలల తర్వాత చూస్తే, యంత్రాల హాలులో మూలమంచం మీద ఓబుళరెడ్డిగారు కాలు మీద కాలేసుకుని, పక్క మంచాలవాళ్లకు లారీ కథలు చెబుతున్నాడు. మొహం వాపు దిగింది, మీసం లేచింది.

"ఎట్లుండావప్పా?" అన్నాను.

"ఇంట్లో దినమంతా రోగినే ఎర్రిసామప్పా. ఈడైతే వారానికి మూడు దినాలే రోగిని. మిగతా నాలుగు దినాలు నేను రెడ్డిని."

ఇంట్లో చేసుకోవడమే గొప్ప, ఆసుపత్రికి రావడం తక్కువ అని ఎవరైనా మీకు నేర్పితే ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఇల్లు అందరికీ ఒకలా ఉండదు. కొందరికి విశ్రాంతి ఇంట్లో ఉంటుంది, కొందరికి ఇంటి బయట.

హంపమ్మ నాలుగు వాయిలు

హంపమ్మది కుడతిని. కరెంటు ఫ్యాక్టరీకి పోయే దారిలో, షిఫ్టు దిగినవాళ్లకు బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు వేసి పెట్టే చిన్న హోటలు. ముందు గదిలో పొయ్యి, రెండు బల్లలు. వెనక గదిలో సంసారం. భర్త తిమ్మప్ప కాంట్రాక్టు కూలికి పోయేవాడు, నడుం దెబ్బతిన్నాక పొయ్యి దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చునేవాడు. మాట తక్కువ. హోటలంతా ఆమె రెక్కల మీద నడిచేది.

కిడ్నీలు పోయాయని చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. డాక్టరమ్మను ఒకటే అడిగింది. "మిషనుకు వారానికి మూడు దినాలు వస్తే నా బాణలి ఎవురు పెడతారమ్మా? మూడు దినాలు మూస్తే నాలుగో దినం గిరాకీ వేరే హోటలుకు పోతాది. ఇంట్లో చేసుకొనేది ఏందో ఉండాదంట గదా, అది ఇప్పించు."

నేను వెళ్లి ఇల్లు చూశాను. పొయ్యి పొగ, ఫ్యాక్టరీ బూడిద, రోడ్డు దుమ్ము, దినానికి రెండు వందల కాళ్లు. రెడ్డిగారి గది కళ్లల్లో ఉంది కదా, "కాదు" అని రాసిచ్చాను. డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టింది. "గది చూసినావు. మల్లీ పోయి మనిషిని చూడు."

మళ్లీ పోయాను. వెనక గదిలో సామానంతా తీసేసి ఒక మంచం, ఒక బల్ల, గోడకు గడియారం. కిటికీకి ప్లాస్టిక్ పట్టా. గోడలకు కొత్త సున్నం. చేతులు కడగమంటే నేను చెప్పినదానికి రెండింతలు కడిగింది.

"బజ్జి పిండి చేతులప్పా ఇవి," అంది. "దినానికి యాభైసార్లు కడుగుతాండా. నువ్వు నాకు చేతులు కడిగేది నేర్పిస్తావా?"

వేళలు కూడా ఆమే పెట్టుకుంది. పొయ్యి ముట్టించే ముందు ఒకటి. పొద్దుటి గిరాకీ తగ్గాక ఒకటి. సాయంత్రం బజ్జీలకు ముందు ఒకటి. పడుకునే ముందు ఒకటి. సంచి అనేది కాదు, "వాయి" అనేది. నూనెలో ఒకసారి వేసి తీసేన్ని బజ్జీలు ఒక వాయి కదా, అలాగే ఇదీ. "దినానికి నాలుగు వాయిలు. వేసేది, తీసేది. దీనికేంది పెద్ద శాస్త్రం!"

తలుపు సంగతి ఒకటి మిగిలింది. మన ఊళ్లలో పట్టపగలు తలుపేసుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఇంట్లో జగడమైనా ఉండాలి, చావైనా ఉండాలి. అందులోనూ ఒంట్లో బాగాలేనివాళ్లను చూడడానికి వచ్చి తలుపు బయటి నుంచే పోవడం అంటే మాట పడ్డట్టే. మొదటి వారంలో ఇద్దరు వదినలు అలిగి వెళ్లిపోయారు, "మేమేం పరాయోళ్లమా" అని. దానికి హంపమ్మ ఒక ఉపాయం చేసింది. సంచి మార్చుకునేప్పుడు బజ్జీలు తీసే జల్లి గరిటెను వెనక గది గొళ్లేనికి బయటి నుంచి తగిలించేది. గరిటె తలుపు మీద ఉందంటే లోపల వాయి నడుస్తోంది, పిలవకూడదు, తోయకూడదు. పదిహేను రోజుల్లో కుడతిని అంతా నేర్చుకుంది. లారీ డ్రైవర్లు కూడా గరిటె చూసి గొంతు తగ్గించి, "వాయి అయినాక రెండు ప్లేట్లు" అనేవారు.

ఒంటి నీరు దిగింది, ఆకలి వేసింది, ఏడాది పాటు ఒక్క సంచీ మబ్బుగా రాలేదు. నేను ఊరంతా ఆమె పేరు చెప్పుకు తిరిగాను. ఆమె పేరు కంటే నా పేరే రెండుసార్లు ఎక్కువ వచ్చేదేమో.

గరిటె తగిలించిన తలుపు

ఒకసారి కొత్త పేషెంటు ఒకాయన, ఆయన భార్య, బావమరిది ఆసుపత్రికి వచ్చారు. ఇంట్లో చేసుకోవడమంటే భయపడిపోతున్నారు. "రండి, చూపిస్తా" అని వాళ్లను వెంటబెట్టుకుని కుడతినికి బయలుదేరాను. దారి పొడుగునా నా గొప్పలు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం కావస్తోంది.

హోటలుకు పోయేసరికి వెనక తలుపుకు గరిటె వేలాడుతోంది. తిమ్మప్ప కత్తిపీట ముందు నుంచి లేవబోయి, "ఉండప్పా, వాయి నడుస్తాంది" అన్నాడు.

"నాకేంది తిమ్మప్పా! ఆ వాయి నేర్పిందే నేను," అన్నాను.

గరిటె తీసి పక్కన పెట్టాను. తలుపు తోశాను. ముగ్గురూ నా వెనకే లోపలికి వచ్చారు. హంపమ్మ మాస్కు కట్టుకుని, చేతిలో గొట్టం కొన తెరిచి పట్టుకుని ఉంది. ఆ కొద్ది క్షణాల గురించి పైన రాశానే, సరిగ్గా అదే.

గదిలో నిప్పుల పొయ్యిలో ఉన్నట్టు ఉంది. ఈ సీమలో ఇంటికి మనిషి వస్తే మంచినీళ్ల కంటే ముందు ఫ్యాను వేస్తారు. తిమ్మప్ప మర్యాద తెలిసిన మనిషి. మా వెనకే వచ్చి, నలుగురికీ చెమటలు పడుతున్నాయని స్విచ్చి నొక్కాడు. ఏడాదిగా తిరగని ఫ్యాను రెక్కల మీది బూడిదంతా ఒక్కసారి లేచింది. హంపమ్మ కొనను చేత్తో మూయబోయింది, మళ్లీ చెయ్యి తీసింది. పొండి అని అనలేదు. గురువును పొమ్మని ఎలా అంటుంది? "రాండప్పా, కూకోండి" అంది మాస్కు లోపలి నుంచే.

నేను ఆ ఫ్యాను కిందే నిలబడి శుభ్రత మీద పావుగంట మాట్లాడాను.

రెండో రోజు ఫోను వచ్చింది. "ఎర్రిసామప్పా, నీళ్లు బియ్యం కడిగినట్ల వస్తాండాయి. కడుపు కోస్తాంది."

నేను చెప్పిన కారణం

వార్డులో చేర్చారు. సంచి నీళ్లలోనే చీముకు మందు కలిపి ఎక్కించారు. డాక్టరమ్మ నన్ను పిలిచి అడిగింది, "ఎట్ల వచ్చింది?"

ఇక్కడ నేను ఆగి, మీ వయసు పిల్లలకు ఒక మాట చెప్పాలి. తప్పు చేసినప్పుడు అబద్ధం మన నోట్లోకి కొత్తగా పుట్టి రాదు. మనం ఎప్పుడో రాసిపెట్టుకున్నది సిద్ధంగా ఉంటుంది. నేను ఏడాది కింద రాసిచ్చిన కాగితమే నా నోట్లోంచి వచ్చింది. "హోటలు ఇల్లు గదా మేడం. పొగ, బూడిద, జనం. ముందే చెప్పినా, ఆ ఇల్లు పనికిరాదని."

డాక్టరమ్మ చాలాసేపు కాగితాలు చూసింది. "ఆయ్తు" అంది. అంటే సరే, అయిపోయింది అని. నీళ్లు తేటపడగానే కడుపులో గొట్టం తీసేసి హంపమ్మను యంత్రానికి మార్చాలని నిర్ణయమైంది. అంటే వారానికి మూడు రోజులు బాణలి బోర్లా. ఆ తర్వాత ఆమే అన్నట్టు నాలుగో రోజు గిరాకీ ఉండదు.

వార్డుకు పోయి చూశాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏడాది పాటు దినానికి రెండు వందల మందితో మాట్లాడిన మనిషి. పక్కన తిమ్మప్ప కూర్చుని, ఏమీ తరగకుండా ఖాళీ చేతులు చూసుకుంటున్నాడు. హోటలు మూసి మూడు రోజులు.

"ఇంట్లో చేసుకొంటే సస్తానేమోప్పా," అంది ఆమె గోడతో. "నాకే గరవం ఎక్కువైంది. చేతులు కడిగేది నాకు నేర్పిస్తావా అంటి గదా నిన్ను."

నేను ఉన్నపళంగా లేచి, డాక్టరమ్మ గదికి పోయి, జరిగిందంతా చెప్పేశాను.

సరే, ఉన్నపళంగా కాదు. మర్నాడు. అదీ నా అంతట నేను కాదు. మర్నాడు పొద్దున నీళ్లు కొంచెం తేటపడ్డాయి. దానితో ఆమెకు నోరు వచ్చింది. నన్ను పిలిచి, మంచం మీద లేచి కూర్చుని అడిగింది. "నా ఇల్లు మంచిది కాదని చెప్పినావంట. నర్సమ్మ చెప్పె. గరిటె ఎవురు తీసింది ఎర్రిసామప్పా? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

చెప్పాను. గరిటె తీసింది, తలుపు తోసింది, ముగ్గురిని తీసుకుపోయింది, అన్నీ డాక్టరమ్మకు. ఫ్యాను సంగతి కూడా.

డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. "తప్పు అందరూ చేస్తారు. దాన్ని తీసుకపోయి ఆమె ఇంటి నెత్తిన పెట్టినావు చూడు, అదీ." గొట్టం తీసే కాగితం చింపింది. అంతటితో వదల్లేదు. వాడుక తప్పిన ఒక సంచి, గొట్టం నా చేతికిచ్చింది. "వారం దినాలు నీ ఇంట్లో నువ్వు చెయ్యి. దినానికి నాలుగు. పొట్టకు పెట్టుకోవద్దు, బల్లకు కట్టుకో. మిగతాదంతా నువ్వు చెప్పినట్లే. తలుపేసి, ఫ్యాను ఆపి."

గాంధీనగర్‌లో నా డయాలసిస్

వారం రోజులూ దీక్షగా చేశాను. అని డాక్టరమ్మకు చెప్పాను. నిజానికి ఒకటిన్నర రోజు.

గాంధీనగర్‌లో మాది రేకుల కప్పు గది. పొద్దుటి సంచి హాయిగా గడిచింది. రెండోది పదకొండు గంటలకు. తలుపు వేసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టి కూర్చున్నాను. పది నిమిషాలకు చెమట కళ్లలోకి దిగింది. చెయ్యి కదిపి తుడుచుకోకూడదు కదా. గడియారం ముల్లు నన్ను చూసి ఆగిపోయింది. బయట నుంచి పక్కింటి ఆయన తలుపు బాదాడు. "ఏమప్పా ఎర్రిసామప్పా, పగలు తలుపేసుకోనుండావు యాలా? ఇంట్లో జగడమా?"

"లేదప్పా, పని చేస్తాండా."

"తలుపేసుకొని చేసే పని ఏందప్పా ఈ వయసులో?"

మా ఆవిడ వంటింట్లోంచి నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినబడింది. మూడో సంచి వేళకు పెళ్లి పిలుపువాళ్లు వచ్చారు. అరగంట బయట కూర్చోబెడితే ఏమనుకుంటారని సంచి కట్టిపెట్టి బయటికి వచ్చాను. వచ్చాక గుర్తొచ్చింది, ఓబుళరెడ్డిగారి సామాన్ల గది. రెండో రోజు మధ్యాహ్నం పూర్తిగా ఎగ్గొట్టి, పుస్తకంలో మాత్రం నాలుగు రాశాను. చక్కటి అక్షరాలతో.

ఎన్నో ఇళ్లలో, ఎన్నో ఏళ్లు "రోజుకు నాలుగే కదమ్మా, అరగంటే కదప్పా" అని చెప్పిన నోరు ఇది. ఆ "కదా"ను ఆ తర్వాత మానేశాను. నేను వృత్తిలో నేర్చుకున్నదాంట్లో పెద్దది ఏదంటే ఆ ఒక్క మాట మానడమే.

పిల్లలూ, పుస్తకంలో అంకెలు మరీ చక్కగా ఉంటే సామాన్ల గది తలుపు తోయండి. కానీ గరిటె ఉన్న తలుపు తోయకండి. ఎవరి ఇంట్లోనైనా పేషెంటు "రాండి, కూకోండి" అంటే అది మర్యాద, అనుమతి కాదు. రెండింటికీ తేడా తెలియడానికి నాకు తల నెరిసింది. గదిని చూసి మనిషిని తేల్చకండి, మనిషిని చూసి గదిని వదిలేయకండి. ఇంట్లో చేసుకోవడం గురించి వాళ్లేమనుకుంటున్నారో అడగండి, ఒకసారి కాదు, వెళ్లిన ప్రతిసారీ. అది మారుతూ ఉంటుంది. జవాబు మీకు నచ్చకపోతే వాళ్లకు ధైర్యం చెప్పబోకండి, కారణం వెతకండి.

ఇక మొదట్లో రాసిన ముక్క. నా ఇళ్లలో ఒక్క కడుపుకూ చీము పట్టలేదన్నాను. హంపమ్మది మీరు చూశారు. ఇంకా ఉన్నాయి. ఈ పనిలో ఎవరికీ ఎప్పుడూ రాలేదని చెప్పేవాడు ఇళ్లకు పోయినవాడు కాదు. క్రిములు నన్ను చూసి పారిపోయేవి కావు, నా వెంటే వచ్చేవి.

హంపమ్మ ఐదో రోజుకు ఇంటికి పోయింది, నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఇంట్లోనే, నాలుగు వాయిలు. ఫ్యాను స్విచ్చి మీద తిమ్మప్ప ఆ వారమే నల్ల టేపు అంటించేశాడు. పాపం, చేసిన పనికి అంత నొచ్చుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నా సిద్ధాంతం మాత్రం మారలేదు. నవ్వుతూ చేసుకునేవాళ్లకు నీళ్లు తేటగా వస్తాయి. దానికి హంపమ్మే సాక్షి.

చదివి వినిపించినప్పుడు

ఇంతవరకూ రాసి, కుడతినికి పోయి ఆమెకు చదివి వినిపించాను. పొద్దుటి గిరాకీ తగ్గింది, గొళ్లేనికి గరిటె లేదు. హంపమ్మ పిండి కలుపుతూ వింది. తిమ్మప్ప ఉల్లిగడ్డలు తరుగుతూ విన్నాడు. నా గాంధీనగర్ కథకు ఇద్దరూ నవ్వారు. అయిపోయాక కళ్లద్దాలు తీసి, ఎలా ఉందని అడిగాను.

"రాసింది బాగుండాది," అంది హంపమ్మ. "రెండు తప్పులు ఉండాయి, దిద్దుకో."

"రెండేనా?"

"నగతా చేసుకొంటే నీళ్లు తేటగొస్తాయని రాసినావు. ఎవురు చెప్పినారు నీకు? నీళ్లు తేటగొచ్చిన దినం నగినా. మబ్బుగొచ్చిన దినం గోడ దిక్కు తిరుక్కొని ఏడ్సినా. మల్లా తేటపడినాంక, నిన్ను పిలిచి అడిగే దమ్మొచ్చె. నువ్వే రాసినావు గదా అది కూడా. ముందు నీళ్లప్పా, ఆమీద నగు. నగేది రానోళ్లు నీ పుస్తకం చదివి, మా తప్పే ఏమో అనుకొంటారు. మార్చు అది."

నేను పెన్ను తీశాను. "రెండోది?"

ఆమె తిమ్మప్ప వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు, ఉల్లిగడ్డ మీదే నవ్వుతున్నాడు.

"ఆ పొద్దు మా ఆయన గదిలోకే రాలేదు. గడప కాడనే నిలబడినాడు. 'ఏందమ్మా ఈ సెగ' అనుకొంటా స్విచ్చి నొక్కింది నువ్వే. ఆ టేపు ఆయప్ప నొచ్చుకొని వేసింది గాదు ఎర్రిసామప్పా. నువ్వు మల్లా వస్తావని వేసింది."